లుద్మిల బోర్డు మీద తాజా రొట్టె

పక్కదేశం వాళ్ళ భాష మనకి సగమే అర్థం కావడం గొప్ప వరం. సరదాకి అనడం లేదు. బొత్తిగా అర్థం కాకపోతే దణ్ణం పెట్టి ఎవరి దారిన వాళ్ళు పోతారు. సగం అర్థమైతేనే కదా, తీరిగ్గా పోట్లాడుకోగలిగేది!

మా చెషిన్ ఊరి మధ్యలో ఓల్జా నది. ఇటు పోలండ్, అటు చెక్. అటువైపు రొట్టెలు చేసే లుద్మిల కిందటి వసంతంలో ఉన్నదంతా ఊడ్చి మా వీధిలో కొట్టు పెట్టింది. పొద్దున్నే పొయ్యిలోంచి తీసిన రొట్టెలు పేర్చి, గుమ్మం మీద తన భాషలో 'చెర్స్త్వీ' రొట్టె అని బోర్డు కట్టింది. అంటే తాజా రొట్టె.

మా పోలిష్‌లోనూ ఆ మాట ఉంది. ఎండిపోయిన పాచి రొట్టెని అలా అంటాం.

వారం రోజులు ఎవరొచ్చారనుకున్నారు? బాతులకు వేసేవాళ్ళు, రొట్టెపొడి కొట్టుకునేవాళ్ళు. ఎనిమిదో రోజున మా పక్కింటి జెనోన్ తాత, ఒకప్పటి రైల్వే గార్డు, రొట్టె నొక్కి చూసి ముఖం చిట్లించాడు.

"ఏమ్మా, ఇది మెత్తగా ఉందే?"

"రాయిలా ఉండాలా తాతగారూ? పొద్దున్న చేసిందే."

"నాకు బోర్డు మీద రాసిందే కావాలి. సూప్‌లోకి."

"అదే ఇస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదవండి."

నేను మధ్యలో దూరాను. మా రెండు దేశాలవాళ్ళకీ పూర్వీకులైన స్లావుల భాషలో ఆ మాటకి 'గట్టిది' అనే అర్థమని చెప్పాను. గట్టిగా ఉన్నది బలంగా ఉన్నట్టు కనక చెక్‌లో తాజా అయింది. గట్టిపడ్డ రొట్టె పాతది కనక మాకు పాచి అయింది. రష్యన్లయితే జాలిలేని మనిషిని కూడా అదే మాట అంటారు.

జెనోన్ తాత కంగారుపడ్డాడు. "మరి మొన్న డాక్టరు నన్నూ అదే అన్నాడే?"

"ముసలివాళ్ళని అంటే పొగడ్త తాతా. గట్టి పిండం అని," అన్నాను.

లుద్మిల ఆ వారంలో మొదటిసారి నవ్వింది. "అయితే బోర్డు తీసేసి మిమ్మల్నే గుమ్మంలో కూర్చోబెడతా."

కూర్చోబెట్టలేదు గాని, శుద్ధమైన పోలిష్‌లో కొత్త బోర్డు రాయించింది. అయినా పాచి రొట్టెల కొట్టన్న పేరు పోలేదు, జనం రాలేదు. చలికాలం రాకముందే కొట్టు మూసేసి, వంతెన దాటి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు తాత చేతిలో వేడి రొట్టె పెట్టి, "ఇది మీ సూప్‌లోకి పనికిరాదు" అంది.

ఇప్పుడు మేమంతా ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్లోనే కొంటున్నాం. అక్కడ ఏ గొడవా లేదు. రొట్టె సంచి మీద 'తాజా' అని అయిదు భాషల్లో అచ్చువేశారు. ఒక్క అక్షరం తప్పు లేదు. అయిదింటిలోనూ ఒకటే అర్థం: కిందటి నెల చేసి, ఈ పూట వెచ్చబెట్టింది.