స్వదేశీ భోజనం

ఆ ఆదివారం వెంకటకృష్ణారావు పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. తీరిగ్గా రెండో కాఫీ తాగడం, మధ్యాహ్నం మిత్రుడు బసవపున్నయ్యకు గోంగూర పచ్చడితో భోజనం పెట్టడం, అంతే. ఇద్దరికీ వన్ టౌన్‌లో పక్కపక్కనే చీరల కొట్లున్నాయి.

టిఫిన్‌కి కోడలు సాయిశ్రీ నూడుల్స్ చేయడంతో చిక్కొచ్చిపడింది. ఆయన కాఫీ కప్పు పట్టుకుని పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఈ రోజు నుంచి ఈ ఇంట్లోకి పరాయి దేశపు తిండి రాకూడదన్నాడు. అంతటితో ఆగక, స్వదేశీ భోజనానికి రమ్మని బసవపున్నయ్యకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

భార్య మాణిక్యమ్మ ఎదురు చెప్పలేదు. ఏది ఎక్కడిదో ఫోన్లో చూడమని కోడలికి పురమాయించింది. మిరపకాయలు సముద్రాలు దాటించి పోర్చుగీసువాళ్లు తెచ్చారట. కారం డబ్బా అటకెక్కింది. వెనకే టమాటాలు, బంగాళాదుంపలు వెళ్లాయి. కాఫీ అరబ్బుల దగ్గర్నుంచి వచ్చిందని తేలగానే ఆయన చేతిలో కప్పు కూడా వెళ్లిపోయింది.

"గోంగూరైనా ఉంచండే," అన్నాడాయన, గొంతు తగ్గించి.

"అదీ ఆఫ్రికాదేనంట మామయ్యగారూ. చింతపండు కూడా."

"గోంగూర మనది కాకపోతే ఇంకెవరిది?"

మాట వెనక్కి తీసుకుందామంటే బసవపున్నయ్య అప్పటికే బయల్దేరాడు. పైగా ఈ వింత చూపిద్దామని మరో ఇద్దరు వ్యాపారులను వెంటబెట్టుకొచ్చాడు.

మిరియాల పెసరపప్పు, అల్లం వేసిన వంకాయ కూర, మజ్జిగ వడ్డించారు. అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తిన్నారు. చివరికి బసవపున్నయ్య మర్యాద కోసం ఆహా ఓహో అన్నాడు. ఆ ఊపులోనే వర్తక సంఘం వార్షికోత్సవానికి ఇదే భోజనం పెట్టిద్దామని, ఆ బాధ్యత కృష్ణారావుదేనని తేల్చేశాడు. మిగతా ఇద్దరూ తలలూపారు. ఇక తప్పదని కృష్ణారావూ ఊపాడు.

సాయంత్రానికి ఆయన నాలుక మొరాయించింది. వాకింగ్‌కని చెప్పి, వీధి మలుపు తిరగగానే ఆటో ఎక్కి బెంజ్ సర్కిల్ దగ్గర దిగాడు. బజ్జీల బండి ముందు నిలబడి, ఉల్లిపాయ ముక్కలు దట్టంగా కూరి నాలుగు మిరపకాయ బజ్జీలు ఇవ్వమన్నాడు. ప్లేటు అందుకుని వెనక్కి తిరిగాడు.

బల్ల మీద మాణిక్యమ్మ, సాయిశ్రీ కూర్చుని ఉన్నారు. ఇద్దరి కళ్లల్లోనూ కారానికి నీళ్లు తిరుగుతున్నాయి. అత్తగారి ప్లేటు అప్పటికే ఖాళీ.

కాసేపు ముగ్గురూ ట్రాఫిక్ వైపు చూశారు.

"నిలబడ్డారేంటండీ, చల్లారిపోతాయి," అంటూ మాణిక్యమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చోగానే ఆయన ప్లేట్లోంచి ఒకటి తీసుకుంది.

ఉల్లిపాయ ఏ దేశానిదో అక్కడ ఎవరూ అడగలేదు.