ఘటోత్కచుడు కనబడుట లేదు

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ప్రతీవి కంప్యూటర్ తెరిచి చూస్తే ఘటోత్కచుడు మాయమయ్యాడు.

ఘటోత్కచుడంటే సమరాంగ్ నగరంలో వాళ్ళ ఫర్నిచర్ కంపెనీ మూలగదిలో ఉండే పెద్ద కంప్యూటర్ పెట్టె. కంపెనీ డిజైన్లన్నీ దాని కడుపులోనే ఉంటాయి. సలాతిగాలో తన ఇంట్లో కూర్చుని, వీపీఎన్ అనే సొరంగంలోంచి ఆఫీసులోకి దూరి, నెట్‌వర్క్ జాబితాలో ఆ పేరు మీద నొక్కి పని మొదలుపెట్టాలని ప్రతీవి అనుకుంది. ఇంటి నుంచి పని చేయడం ఆమెకు అదే మొదటి రోజు.

"పదింటికి విదేశీ పార్టీతో మీటింగు. టేకు బల్లల డిజైన్లు తెర మీద ఉన్నాయా, ఇంట్లోనే ఉండు. లేవా, సోమవారం నుంచి బస్సెక్కు," అని యజమాని హందోకో ముందే ఖరాఖండీగా చెప్పారు. బస్సంటే పోనూ రానూ మూడు గంటలు. పక్కగదిలో నాలుగు నెలల పాప నిద్రపోతోంది.

ప్రతీవి బగస్‌కి ఫోన్ చేసింది. బగస్ సురబాయాలో కూర్చుని పదకొండు కంపెనీల కంప్యూటర్లకు ఫోన్లోనే వైద్యం చేసే కుర్ర టెక్నీషియన్.

"బగస్, ఘటోత్కచుడు లేడు."

"లేడంటే? సొరంగం కలిసిందా అక్కా?"

"కలిసింది. సుమియాతి గారి కంప్యూటర్ కనిపిస్తోంది, ప్రింటర్ కనిపిస్తోంది. వాడొక్కడే లేడు."

"అయితే తప్పు మీ ఇంట్లోనే. వైఫై డబ్బా పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టండి."

ప్రతీవి పీకింది. నాలుగు లెక్కపెట్టేసరికి నెట్ మీద నడుస్తున్న జోలపాట ఆగిపోయింది. అయిదుకి పాప లేచింది. పదికి వీధంతా లేచింది. పాపని చంకనేసుకుని మళ్ళీ చూస్తే జాబితాలో అందరూ ఉన్నారు, ఘటోత్కచుడు తప్ప.

ఆఫీసుకి అందరికంటే ముందొచ్చేది అకౌంట్స్ చూసే సుమియాతి. ఆమెనీ ఫోన్లోకి లాగారు.

"మూలగదిలో పెట్టె ఉందా, బూ?" అని అడిగింది ప్రతీవి. అక్కడ పెద్దావిడైతే బూ, పెద్దాయనైతే పాక్.

"ఉండక ఎక్కడికి పోతుందే? గడప దగ్గర్నించే వినిపిస్తోంది, మా ఆయనలా గురక పెడుతోంది. పచ్చదీపం కూడా వెలుగుతోంది."

బగస్ గొంతు తగ్గించాడు. "దేహం ఉంది, పేరు లేదు. ఇది మామూలు జబ్బు కాదక్కా... ఆగండాగండి. జాబితాలో చివరన ఈ వలూయో ఎవడు?"

ప్రతీవి కిందికి జరిపి చూసింది. నిజమే. నిన్న లేని పేరు. కంపెనీలో ఆ పేరు గలవాళ్ళు లేరు.

"దొంగ!" అన్నాడు బగస్. "మనవాణ్ణి మింగేసి, ఆ చోట్లో వీడు కూర్చున్నాడు."

"ఒక్కసారి నొక్కి చూస్తాను."

"నొక్కకండి! వైరస్ అయితే సొరంగంలోంచి తిన్నగా మీ ఇంటికే వస్తుంది. గెంటేస్తున్నా."

గెంటేశాడు. ఆ మరుక్షణం కంపెనీ గేటు దగ్గర వేలిముద్రల యంత్రం ఆగిపోయింది. గేటు బిగుసుకుపోయింది. భోజనం డబ్బాలు పట్టుకుని నలభైమంది వడ్రంగులు రోడ్డు మీద వరస కట్టారు.

"చూశారా, పగ తీర్చుకుంటున్నాడు!" అన్నాడు బగస్.

తొమ్మిదిన్నరకు ఆ వరస చివర ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి హందోకో ఫోన్లోకి వచ్చారు.

"నా గేటుకి నేనే బయటున్నాను. ఏంటయ్యా ఇది?"

"దొంగ దూరాడు, పాక్. ఘటోత్కచుణ్ణి మాయం చేశాడు. నేను పట్టుకుని గెంటేశాను."

"శభాష్! పోలీసులకి చెబుదాం. వాడి పేరేమైనా తెలిసిందా?"

"తెలియకేం? దర్జాగా పేరు పెట్టుకునే వచ్చాడు. వలూయో."

అవతల అదేపనిగా మోగుతున్న కారు హారన్ ఠక్కున ఆగిపోయింది.

"పాక్," అంది సుమియాతి, మూలగదిలోకి వెళ్ళినట్టుంది, "పెట్టె వెనకాల గిన్నెలో ఎర్రజావ, తెల్లజావ ఉన్నాయి. చీమలు పట్టాయి. తీసేయనా?"

ప్రతీవికి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఊరికే ఎర్రజావా తెల్లజావా పక్కపక్కన వండుకునే ఇల్లు ఆ ప్రాంతంలో లేదు. జబ్బు వదలని బిడ్డకు పేరు మార్చేటప్పుడు వండుతారు. వలూయో అంటే కోలుకున్నవాడు.

"బగస్, ఆయన్ని లోపలికి రానీ," అంది ప్రతీవి మెల్లగా.

వలూయో లోపలికి వచ్చాడు. పెట్టెలోని జాబితా చూసుకుంటూ, దాన్ని పేరుతో కాక నెంబరుతో గుర్తుపట్టే వేలిముద్రల యంత్రం వెంటనే లేచింది. గేటు తెరుచుకుంది. ప్రతీవి ఆ పేరు మీద నొక్కింది. టేకు బల్లలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. టైము పదికి ఎనిమిది నిమిషాలు తక్కువ.

"డిజైన్లు తెర మీద ఉన్నాయి, పాక్," అంది పాపని రెండో చంకకి మార్చుకుంటూ. "సోమవారం బస్సు సంగతేంటి?"

హందోకో గొంతు సవరించుకున్నారు.

"బస్సూ లేదు, గిస్సూ లేదు. ఇంట్లోనే ఉండమ్మా. నేనే చేశాను. ఆ పెట్టె నెలలో మూడుసార్లు మంచం పట్టింది కదా, చూడలేకపోయాను. మా రెండోవాడు చిన్నప్పుడు ఇంతే, జ్వరం మీద జ్వరం. పేరు బరువు మోయలేకపోతున్నాడన్నారు మా అత్తగారు. మార్చాం. ఇప్పుడు లారీ తోలుతున్నాడు. మరి ఘటోత్కచుడంటే మాటలా? ఆ పేరు ఏ పెట్టె మోస్తుంది? అందుకే నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక జావ పెట్టి, మా అమ్మాయిని ఫోన్లో అడుగుతూ మార్చేశాను. కొత్త పేరు ఇంటిల్లిపాదికీ చెప్పాలి, అది పద్ధతి. పొద్దున్నే వచ్చి చెబుదామనుకున్నాను, గేటు తెరుచుకోలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ మీరూ ఒకటి ఒప్పుకోవాలి. పేరు మార్చిన దగ్గర్నించి దానికి ఒక్క జబ్బూ రాలేదు."