ఆకుపచ్చ ద్వారబంధం

"ఏమండీ, ఆ రంగు కింద అసలు చెక్కే లేకపోతే? ఇన్నేళ్లుగా ఆ రంగే ఇంటిని మోస్తోందేమో! గీకగానే కప్పు నెత్తిన పడితే?"

హాలు గుమ్మం ముందు గొంతుక్కూర్చున్న భర్త తలెత్తలేదు. "పడితే ముందు నా నెత్తిన పడుతుందిలే. నువ్వు దూరంగా నించో."

"నా భయమూ అదే కదా!"

ఈ పాత ఇల్లు కొన్నప్పటి నుంచీ ఆమె మామగారు ఆ ద్వారబంధానికి ఏటా తన చేత్తో ఆకుపచ్చ రంగు వేస్తున్నారు. రంగు మీద రంగు పడి, చుట్టూ ఉన్న చెక్కడపు పట్టీ లప్పం ముద్దలా తయారైంది. ఈమధ్య ఓ మూల పెచ్చు ఊడి, లోపల తేనెరంగు చెక్క తొంగి చూసింది. అప్పట్నించీ కొడుకు మనసు మనసులో లేదు. కానీ తండ్రి చేతి పనిని గీకి పారేస్తానని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? అందుకే ఇవాళ పెద్దాయన "అలా తిరిగొస్తా" అని బయటికెళ్లగానే మొదలుపెట్టాడు. కాస్త తేల్చి చూపిస్తే ఆయనే ఒప్పుకుంటారని ఆశ.

రంగు ఊడగొట్టే మందు పూసి కాసేపు ఆగితే, రంగు మీగడలా ముడుచుకొచ్చింది. గీకిన కొద్దీ పొరలు రాలాయి. చివరికి చెక్కలోంచి సన్నటి తీగ, తీగకి మొగ్గలు బయటపడ్డాయి. కోడలు కూడా భయం మరిచిపోయి వేలితో తడిమింది.

"అబ్బ, ఎంత బావుందండీ! అయ్యో, మామయ్యగారు చూస్తే?"

చూశారు. గడప అవతలే నిలబడి ఉన్నారు. మూతికి తువ్వాలు అడ్డం, కళ్ల నిండా నీళ్లు.

"నాన్నా, ఊరికే కాస్త గీకి చూద్దామని..." కొడుకు నసిగాడు.

పెద్దాయన తువ్వాలు ఇంకా గట్టిగా అదుముకున్నారు.

"ఏమండీ! మాట పడిపోయింది! అంబులెన్సు పిలవండి!"

పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపి, చకచకా నడిచి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఆడుతున్నాయి. అంటే జబ్బు కాదు, కోపం. కోడలికి భయం ఇంకా పెరిగింది. జబ్బయితే మందైనా ఉంటుంది.

వీధి చివర ఉండే ఆడపడుచుకి ఫోన్ చేసింది. "వదినా, మామయ్యగారు మాట్లాడటం మానేశారు! ఏడుస్తున్నారు!" ఆవిడ సగం దువ్విన జుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది.

"నాన్నని ఏం చేశావురా?"

"గుమ్మం గీకానక్కా."

"గుమ్మమా! ఆయన ప్రాణమంతా దాని మీదే కదరా! చిన్నప్పుడు నా బట్టల్లో ఆ పచ్చ అంటనిది ఒక్కటుందా? ఎప్పుడైనా పల్లెత్తు మాటన్నానా?"

"మొన్నటిదాకా అంటూనే ఉన్నావు!"

ఈలోగా పెద్దాయన మూలనున్న పచ్చరంగు డబ్బా వైపు వేలు చూపించి, చెయ్యి విదిలించారు.

"చూశావా, డబ్బా తెమ్మంటున్నారు," అంది ఆడపడుచు.

"తీసెయ్యమన్నట్టు లేదూ?"

"ఆయన మనసు నీకు తెలుసా, నాకు తెలుసా? ముందు రంగు వెయ్యి!"

కొడుకు కుంచె ముంచాడు. పెద్దాయన దిగ్గున లేచి రెండు చేతులూ గాల్లో ఊపారు. "త్వరగా వెయ్యమంటున్నారండీ!" అంది కోడలు. ఆయన కాలు నేలకేసి కొట్టారు. కుంచె ఇంకా జోరందుకుంది. తీగ మునిగింది. ఆఖరి మొగ్గ మీద పచ్చ పులుముతుంటే కొడుకు కళ్లు కూడా తడిశాయి.

అప్పుడు పెద్దాయన గోడ గడియారం చూసి, తువ్వాలు దించి, నోట్లోంచి దూది ముద్ద తీసి అరచేతిలో పట్టుకున్నారు. బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది.

"పన్ను పీకించుకొచ్చా. రక్తం ఆగేదాకా, గంటసేపు నోరు తెరవొద్దన్నాడు డాక్టరు."

"మాకు ఒక్క మాట చెప్పకుండానా మామయ్యగారూ!"

"నీకు చెబితే, పన్ను ఊడకముందే నేను పోయానని చుట్టాలందరికీ ఫోన్లు చేసేదానివమ్మా."

ఆయన గుమ్మం దగ్గరికెళ్లి తడి రంగు వంక చూశారు. "ఎంత మంచి చెక్కరా అది! పన్ను నొప్పి కూడా మర్చిపోయి చూస్తుండిపోయా. వద్దురా వద్దురా అని చేతులు పడిపోయేలా ఊపితే... అలాంటి చెక్కడం మీద రంగు పులమడానికి నీకు చేతులెలా వచ్చాయి? బుద్ధున్నవాడు ఎవడైనా చేసే పనేనా?"

ఆడపడుచు జుట్టులో చిక్కు తీసుకోసాగింది. కోడలు నేల మీది పెచ్చులు ఏరసాగింది. కుంచె కొస నుంచి ఓ చుక్క జారి గడప మీద పడింది. ఇంకో చుక్క పడింది. కొడుకు కుంచెని డబ్బాలో పెట్టాడు.

"మొదట వేసింది మీరే కదా నాన్నా."

పెద్దాయన దూదిని మళ్లీ బుగ్గన పెట్టుకున్నారు.