మొదటి వరసకు అన్నం పెట్టిందెవరు?

ఆదివారంలోపు చేయవలసిన పనులు:
ఒకటి, నల్లకోటుకు ఇస్త్రీ.
రెండు, భూతద్దం.
మూడు, అనుమానితులందరినీ అనుమానించుట.
నాలుగు, అనుమానం రానివాళ్లను ఇంకా గట్టిగా అనుమానించుట.
ఐదు, బాలరాజు చాయ్ తేవలెను.

ఈ కాగితాన్ని హాస్టల్ గది తలుపుకు అంటించి, బుచ్చిరాములు రెండడుగులు వెనక్కి జరిగి మురిసిపోయాడు.

"నేరం పాతాళంల దాక్కున్నా ఈ కంటికి దొరకాల్సిందే. రాసిపెట్టుకోరా."

లా రెండో ఏడు రెండుసార్లు తప్పడంతో అతనికి నల్లకోటూ, బోలెడు తీరికా మిగిలాయి. భూతద్దం మాత్రం అదే గదిలో ఉండే బాలరాజుది. డిపార్ట్‌మెంటువాళ్లు అతని సంతకం మీద ఇచ్చారు.

బాలరాజుకు నవ్వే ఓపిక లేదు. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు అతనే. కరెంటు ఫ్యాక్టరీలో బొగ్గు కాలగా మిగిలిన బూడిదను కోళ్ల పెంటతో కలిపి వేస్తే నేల సారం పెరుగుతుందని చూపించడం అతని పరిశోధన. డిపార్ట్‌మెంటు వెనక షెడ్డులో మూడు వరసల కుండీల్లో మొక్కజొన్న వేశాడు. మొదటి వరసకు ఉత్త ఎర్రమట్టి, రెండోదానికి బూడిద, మూడోదానికి బూడిదా పెంటా. మొదటిది గిడసబారితేనే మిగతావాటి గొప్ప తెలిసేది. అదేమో అన్నిటికంటే ఏపుగా పెరిగి కూర్చుంది.

గైడు కమలాదేవి మేడం కళ్లద్దాలు తీసి చూసింది. "సోమవారానికి కారణం చెప్పు బాలరాజూ. చెప్పలేకపోతే ఫెలోషిప్ పొడిగింపు మీద నేను సంతకం పెట్టను."

రెండేళ్ల చదువు అక్షరాలా బూడిదలో పోసిన పన్నీరయ్యేట్టుంది.

"ఎరువుల మాఫియా," తేల్చేశాడు బుచ్చిరాములు. "బూడిద ఉత్తగ దొరికితే యూరియా ఎవడు కొంటడు?"

"మాఫియా అయితే మొక్కల్ని చంపుతది గాని పెంచుతదారా?"

"గదే వాళ్ల తెలివి."

తార్నాక చౌరస్తాలో ఇడ్లీబండి మల్లన్న ఎండకు అడ్డంగా యూరియా సంచులు కట్టుకున్నాడు. అంతే, అనుమానితుడయ్యాడు. బుచ్చిరాములు గంటసేపు విచారించి, నాలుగు ప్లేట్లు ఖాళీ చేసి వచ్చి, "నేరస్థుడో కాదో గాని పల్లిచట్నీ మంచిగ చేస్తడు," అని నివేదిక ఇచ్చాడు. తర్వాత షెడ్డులోని బూడిదను నాలుక మీద వేసుకుని, "మనిషిది కాదు," అని ప్రకటించాడు. మూడో వరసలోంచి ఒక మొక్కను సాక్ష్యమని పీకేశాడు కూడా.

"అరే, రెండు నెలల కష్టంరా అది."

"చట్టానికి కన్నీళ్లు కనబడవు."

ఆదివారం తెల్లవారుజామున నిఘా. జనవరి చలి. షెడ్డు మూలన గోనెపట్టాల కింద ఏదో కుప్ప వెచ్చగా తగిలింది. డిటెక్టివు అందులో దూరి, క్షణంలో గురకపెట్టాడు.

బాలరాజు ఫ్లాస్కుతో వచ్చేసరికి లోపల్నుంచి కేక. తోటపని చేసే భారతమ్మ కుప్పలోకి దించిన పార, డిటెక్టివు పిక్కకు తగిలింది. నెత్తి నుంచి కాళ్ల దాకా బూడిదతో, కోళ్లఫారం వాసనతో అతను లేచి నిలబడ్డాడు.

"గీ వేషమేంది బిడ్డా? శివరాత్రి ఇంక రాలే గదా," అంది భారతమ్మ.

"పక్కకు జరుగవ్వా. దొంగ వచ్చే టైమయింది."

ఆమె పక్కకు జరిగి, తట్ట నింపుకుని, నేరుగా మొదటి వరస దగ్గరికెళ్లి ఒక్కో కుండీలో వేయసాగింది. బుచ్చిరాములు ఆమె వెనక నిలబడి దొంగ కోసం గేటువైపే చూస్తున్నాడు.

"అవ్వా," అన్నాడు బాలరాజు నీరసంగా, "గదేంది?"

"అన్నం. రెండు వరసలకు పెట్టి గీటిని మాడ్చవడ్తివి. పంక్తిల కూసోబెట్టి కొందరికి ఇస్తరాకు ఎయ్యకుంటే ఎట్ల బిడ్డా? మరిచినవేమోనని నేనే ఏస్తున్న."

"ఎంత వేసినవ్?"

"దోసెడు పెంటకు పిడికెడు బూడిద. తడిపి, వారం మాగబెట్టి ఏసిన. నీ తీరు బూడిద గుమ్మరిస్తే వేర్లకు ఊపిరాడదు."

 బాలరాజు త్రాసు తెచ్చి, ఆమె పిడికెడు బూడిదను ఐదుసార్లు తూచి రాసుకున్నాడు.

"నాకు ముందే తెలుసు," అన్నాడు బుచ్చిరాములు, పిక్క రుద్దుకుంటూ. "అందుకే సాక్ష్యం మీదనే పండుకున్న."

సోమవారం మేడం అంకెలు చూసి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "దీన్ని నాలుగో రకంగా రాయి. ఉత్త మట్టి వరస మళ్లీ వెయ్యి. ఆర్నెల్ల పొడిగింపుకు సంతకం పెడతాను."

కొత్త మట్టి వరసకు భారతమ్మే నీళ్లు పోసింది, మొహం పక్కకు తిప్పుకుని.

థీసిస్ అచ్చయింది. కృతజ్ఞతల పేజీలో కరెంటు ఫ్యాక్టరీ ఉంది, కోళ్లఫారం ఉంది, కాపలా కాసిన మిత్రుడు బుచ్చిరాములు ఉన్నాడు. భారతమ్మ పేరును మేడం ఎర్రసిరాతో కొట్టేసింది, తోటపనివాళ్ల పేర్లు అక్కడ బాగుండవని. బాలరాజు ఎదురు చెప్పలేదు. చెప్పాల్సింది. ఆ పుస్తకంలో ఆమె ఉత్త 'నాలుగో రకం'. బూడిద కలిపిన చేను ఎక్కడైనా ఏపుగా కనబడితే, దోసెడుకు పిడికెడు చాలన్న భారతమ్మను మీరైనా పేరుతో తలుచుకోండి.