కుండలో అంతోనివారు

ఆ ఉదయం జెనెరోసా వేసుకున్న పథకం చాలా చిన్నది. దోమల్ని చంపే సర్కారు దండు లోగిలిలోకి వచ్చేలోపు ఒక నీళ్ల కుండ దాచాలి, అంతే. రియోలో పచ్చజ్వరం చెలరేగినప్పటి నుంచి ఆరోగ్యశాఖ వాళ్లు ఇల్లిల్లూ దూరుతున్నారు. నిలవ నీరు కనబడితే చాలు, కిరసనాయిలు పోసేస్తున్నారు. పోస్తే పోయనీ అనుకునేదే, కానీ ఆ కుండలో జానెడు బొమ్మ రూపంలో పునీత అంతోనివారు తలకిందులుగా ఉన్నారు.

పెళ్లిళ్లు కుదర్చడంలో ఆయన్ని మించినవారు లేరు. కాకపోతే ఇలా నీళ్లలో ముంచి కాస్త ఇబ్బంది పెడితే గాని కదలరు. జెనెరోసా దగ్గరే ఉంటున్న అక్క కూతురు ఒలింపియాని మూలమీది రొట్టెల కొట్టు తియోదోరో రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాడు, నోరు మాత్రం విప్పడు. పిల్లకేమో అతనంటే ప్రాణం. ఆదివారం వాళ్ల నాన్న వచ్చి పిల్లని పల్లెకి తీసుకుపోయి, కంచరగాడిదలు తోలే ఒక ముసలాడికి కట్టబెడతాడట. తియోదోరో అడిగేదాకా అంతోనివారిని పైకి తీయనని జెనెరోసా ఒట్టు పెట్టుకుంది. మధ్యలో తీస్తే ఆయన అలిగి కూర్చుంటారు.

ఉన్నదే ఒక్క గది. కుండని మంచమెక్కించి, మూతిమీద పళ్లెం పెట్టి, దుప్పటి నిండుగా కప్పింది. ఎవరో ముడుచుకుని పడుకున్నట్టే ఉంది. అది చూసుకుని మురిసిపోయింది కూడా.

ఇన్‌స్పెక్టర్ అనక్లేటో రానే వచ్చాడు. మూలలన్నీ చూసి మంచం దగ్గర ఆగాడు.

"ఎవరమ్మా పడుకున్నది?"

"మా పిల్లేనయ్యా. కాస్త తలనొప్పని..."

తలనొప్పి. ఆ రోజుల్లో ఆరోగ్యశాఖ మనిషి ముందు అనకూడని మాట అదొక్కటే.

"ఒళ్లు కాలుతోందా?"

"అబ్బే, చల్లగా ఉంది బాబూ."

"చల్లగానా?" అనక్లేటో రెండడుగులు వెనక్కి వేశాడు. "ఉలుకూ పలుకూ ఉందా?"

"మొదటి నుంచీ లేదయ్యా," అనేసి జెనెరోసా నాలుక కరుచుకుంది.

అనక్లేటో ఈల వేశాడు. దండు బిలబిలా దిగింది. ఒకడు కిటికీ సందులకి కాగితాలు అతికిస్తున్నాడు, ఒకడు పొగ పెట్టడానికి గంధకం మూకుడు సర్దుతున్నాడు, ఇంకొకడు రోగుల బండి కోసం పరుగెత్తాడు. నిజం చెబితే కుండలో కిరసనాయిలు పోస్తారు, చెప్పకపోతే కుండని ఆసుపత్రిలో చేరుస్తారు. అసలు ఒలింపియా ఉతికిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది.

పక్కగది పెర్పేతువా కడుపులో మాట ఆగదు. మెట్ల దగ్గర పిల్లకి జ్వరమంది, కుళాయి దగ్గర ఆశ లేదంది, రొట్టెల కొట్టు చేరేసరికి ఏడుపందుకుంది.

మోచేతుల దాకా పిండితో తియోదోరో దూసుకొచ్చాడు. అడ్డొచ్చిన ఇద్దరినీ తోసి మంచం మీద పడ్డాడు.

"ఒలింపియా, నన్నొదిలి పోకే. రెండేళ్లుగా ఈ మాట గొంతులోనే పెట్టుకుని చచ్చాను. నిన్ను చేసుకుంటానే. ఆదివారం మీ నాన్న కాళ్ల మీద పడతాను," అంటూ దుప్పటితో సహా వాటేసుకున్నాడు.

పళ్లెం దొర్లింది. కుండ వాలింది. నీళ్లు అతని ఒళ్లంతా తడిపేసి, దోమపిల్లలతో సహా అనక్లేటో బూట్ల మీదికి పారాయి. అంతోనివారు కాళ్లు ముందు పెట్టి జారి తియోదోరో ఒడిలోకి వచ్చారు.

"ఇంతకీ అదంతా చెప్పింది కుండకా, నాకా?"

గుమ్మంలో ఒలింపియా, నెత్తిన ఖాళీ గంపతో నిలబడి ఉంది. తియోదోరో పిండి వేలు ఎత్తి ఆమెనే చూపించాడు.

"మేమంతా విన్నాం. గవర్నమెంటు కూడా వింది. ఇంకెక్కడికి పోతాడే," అంది పెర్పేతువా.

జెనెరోసాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "ఇక పోసుకోండి బాబూ, మీ ఇష్టమొచ్చినంత కిరసనాయిలు," అంది.

అనక్లేటోకి ఒళ్లు మండిపోయింది. దోమలు పెంచినందుకూ, లేని రోగిని చూపించినందుకూ అందరినీ తిట్టాల్సినంత తిట్టాడు. నేరానికి సాక్ష్యమంటూ అంతోనివారి బొమ్మని స్వాధీనం చేసుకుని, రుమాలుతో తుడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

నలభై నిండినా ఇంకా పెళ్లికాని ఆ ఇన్‌స్పెక్టర్ దగ్గర నుంచి సాక్ష్యం ఆఫీసుకి నేటికీ చేరలేదు.