బురదలో మౌనవ్రతం

పాత సామాన్లు వేలం వేసే ఆ కుర్రవాడికి తన నోటి మీద ఉన్నంత నమ్మకం లోకంలో మరి దేని మీదా లేదు. కాలు విరిగిన కుర్చీని సైతం నలుగురూ ఎగబడి కొనేలా చేయగలడు. అందుకే, ప్రేమించిన అమ్మాయి తండ్రి లెక్కల మాస్టారు "ఆదివారం పొద్దున్నే కయాక్‌లో పిట్టల్ని చూడ్డానికి పోదాం రా. పెళ్ళి సంగతి తిరిగొచ్చాక చెప్తా" అన్నప్పుడే, సగం పెళ్ళి అయిపోయినట్టు జమకట్టేశాడు.

తీరా సముద్రపు పాయలో ఆ ఇద్దరు పట్టే సన్నటి పడవ ఎక్కాక మాస్టారు తన నియమం బయటపెట్టారు. "పిట్టల దగ్గర ఒక్క మాట మాట్లాడావో, ఈ సంబంధం మర్చిపో!"

ఒడ్డున నిలబడ్డ అమ్మాయి నవ్వాపుకుంది. ఇదెంత పని అన్నట్టు కుర్రవాడు చిటికె వేసి చూపించాడు.

పోటు మీదున్న నీళ్ళలో బురదమేటల మధ్యకు హాయిగా వెళ్ళారు. మాస్టారు బైనాక్యులర్స్ కళ్ళకు ఆనించుకుని ఉల్లంకి పిట్టల లోకంలో పడిపోయారు. కాసేపటికి పడవ అడుగున ఏదో గీరుకున్న చప్పుడైంది. కుర్రవాడు తొంగి చూస్తే, ఆటు మొదలై నీళ్ళు చల్లగా జారుకుంటున్నాయి.

మాస్టారి భుజం తట్టి నీళ్ళకేసి వేలు చూపించాడు. అక్కడేదో అరుదైన పిట్ట ఉందనుకుని ఆయన పడవను ఇంకా లోపలికి పోనిచ్చారు. నీళ్ళు తగ్గుతున్నాయని అరచెయ్యి కిందికి దించి చూపించాడు. తల వంచమన్నాడనుకుని ఆయన బుద్ధిగా వంచారు. వెనక్కి పోదామని సైగ చేస్తే, గుంపు వెనకుందనుకుని గిరుక్కున తిరిగారు. ఒళ్ళోని తెడ్డు జారి నీళ్ళతోపాటే వెళ్ళిపోయింది. పడవ మెత్తగా కూలబడింది. తోద్దామని కుర్రవాడు దించిన కాలు మోకాటి దాకా దిగబడి, బూటు లేకుండా బయటికొచ్చింది.

గొంతు దాకా వచ్చిన కేకను మింగేసి, మిగిలిన తెడ్డు పైకెత్తి ఒడ్డుకేసి ఊపాడు. అమ్మాయి అది విజయ సూచన అనుకుంది. తనూ చెయ్యి ఊపి, తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్న ఒప్పేసుకున్నారు!"

తల్లి పిన్నికి చెప్పింది. పిన్ని ఎవరికి చెప్పలేదో కనుక్కోవడం కష్టం.

చివరికి మాస్టారు బైనాక్యులర్స్ దించారు. కనుచూపు మేర బురదే.

"నీళ్ళేవోయ్?"

"పోయాయండీ. మీరడిగారు కాబట్టి చెప్తున్నా."

"నువ్వు ముందే చూశావా?"

"మొదట్నించీ చూస్తూనే ఉన్నానండీ. మాట్లాడొద్దన్నారుగా!"

మాస్టారి కళ్ళు చెమర్చాయి. "ఇంట్లో గానీ బళ్ళో గానీ నా మాట ఇంతగా విన్నవాడు ఒక్కడూ లేడు. నువ్వే నా అల్లుడివి!"

మళ్ళీ పోటు వచ్చి పడవ తేలేసరికి సాయంత్రమైంది. ఒడ్డు నిండా చుట్టాలు. మాస్టారు జరిగిందంతా గర్వంగా చెప్పి కుర్రవాణ్ణి కౌగిలించుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయి మాత్రం కొట్టలేదు.

"నీళ్ళు పోతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"నోరు విప్పితే నువ్వు దక్కవేమోనని..." వేలంపాటలో ఏనాడూ తడబడని గొంతు వణికింది.

"అంటే రేపు కొంప అంటుకున్నా, మా నాన్న అడిగేదాకా చెప్పవన్నమాట! నేను ఆలోచించుకోవాలి."

ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న ఆ పెళ్ళికి ఇక పెళ్ళికూతురు ఒప్పుకోవడమే మిగిలింది.