కానీ మాస్టారి పిండిమర

తర్కశాస్త్రం బోధించే మాస్టారు ఆ ఆదివారం నిద్ర లేస్తూనే, భోజనాల వేళకు పిండిమర సంగతి తేల్చేయాలని నిశ్చయించుకున్నారు. నిశ్చయించుకోవడంలో ఆయనకు ఎన్నడూ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఆ వెంటనే నోట్లోంచి ఊడిపడే 'కానీ'తోనే. కళాశాలలో పిల్లలు ఆయనకు 'కానీ మాస్టారు' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

వెనకగదిలో రెండు మరలు ఎదురెదురుగా కూర్చుని ఉన్నాయి. నచ్చినదాన్ని ఉంచుకుని రెండోది తిప్పి పంపమని దుకాణంవాళ్ళు ఇచ్చినవి. ఒకటి రాతిది, పిండిని చల్లగా ఉంచుతుంది, కానీ నెమ్మది. రెండోది ఉక్కు రెక్కలది. చిటికెలో పని ముగిస్తుంది, కానీ పిండి వేడెక్కుతుంది. ఈ రెండు కానీల నడుమ మాస్టారు నలుగుతూ ఉండగా, ఆ గదిలో ఉండవలసిన భార్యగారి కుట్టు మిషన్ వంటింటి మూల డబ్బాల కింద నలుగుతోంది.

"ఏమండీ, మధ్యాహ్నం దుకాణం బండి వస్తుంది. అప్పటికి మీరు ఒకటి తేల్చారా సరే. లేదంటే రెండూ ఎక్కించి పంపేస్తా. ఆ గది నాది" అంది ఆవిడ.

"తేలుస్తాను. కానీ తొందరపడి తేల్చింది తేలినట్టు కాదు."

"పెళ్ళప్పుడు కూడా ఇంత ఆలోచించారా?"

"మీ నాన్న వ్యవధి ఇవ్వలేదు."

ఆవిడ చేతిలో గరిట ఉండటం గమనించి, మాస్టారు గదిలోకి తప్పుకున్నారు.

ఇంట్లో సంచిలోని గోధుమలు కొన్ని తీసి, చెరిసగం చేసి రెండింటిలోనూ పట్టారు. వేళ్ళ మధ్య నలిపి చూశారు, నాలుక మీద వేసుకున్నారు. రెండూ పిండిలాగే ఉన్నాయి. అప్పుడు ఆయనకు ఓ ధర్మసందేహం పుట్టింది. ఒకే సంచిలోని గింజలతో తేలిన సత్యం ఆ సంచికే పరిమితం కదా! సాధారణ సూత్రం కావాలంటే వేరే ఇంటి గింజలు కావాలి.

పక్కవాటా పిన్నిగారి తలుపు తట్టి, "గుప్పెడు గోధుమలిస్తే మా మరల్లో పట్టి ఇస్తానండీ, చిన్న పరీక్ష" అన్నారు.

పిన్నిగారికి ఆ వాక్యంలో పనికొచ్చిన ముక్క 'పట్టి ఇస్తాను' ఒక్కటే. నిండు డబ్బాతో వచ్చింది. వస్తూ వస్తూ కిందివాటా ఆవిడకు చెప్పింది, ఆవిడ మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ చెప్పింది. కాసేపటికి గోధుమలు, జొన్నలు, మొక్కజొన్నలు గుమ్మంలో బారులు తీరాయి. లోకానికి సత్యాన్వేషణ మీద ఇంత మక్కువ ఉందని మాస్టారికి అంతవరకూ తెలియదు. ఒక్కో డబ్బానూ రెండు చేతులా అందుకున్నారు.

"మాస్టారూ, మాది కాస్త మెత్తగా పట్టండి."

"ఇది పరీక్షమ్మా, పిండి పట్టడం కాదు."

"ఏదైతేనేం, మెత్తగా పట్టండి."

ఏ పిండి ఎవరిదో తెలిస్తే తన తీర్పు పక్షపాతానికి లోనవుతుందని, మాస్టారు పట్టిన పిండినల్లా గుర్తుల్లేని గిన్నెల్లో పోసి, వాటి స్థానాలు కూడా మార్చేశారు. తరువాత కళ్ళు మూసుకుని రుచి చూడసాగారు. ఆ ధ్యానంలో ఉండగా పైఅంతస్తు మీసాల తాతగారు వచ్చి, అడిగేవాళ్ళెవరూ కనబడక, తను తెచ్చిన ఎండుమిరపకాయలు ఉక్కు మరలో పోసి మీట నొక్కారు.

మొదటి తుమ్ము మాస్టారిది. తరువాతివి లెక్కకు అందవు. ఘాటు పోవాలని ఎవరో ఫ్యాను వేశారు. ఘాటు పోలేదు, పిండి లేచింది. గిన్నెల్లోది గోడలకూ, గోడలది జుట్టుకూ పట్టింది. అప్పటికే తిరుగుతున్న రాతి మరా, ఉక్కు మరా, ఫ్యానూ కలిసి ఫ్యూజును కాల్చి ఊరుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో పిన్నిగారి గొంతు లేచింది.

"మా పిండేదీ?"

"అసలు ఇది నాది అనే భావం ఉంది చూశారూ..." అంటూ మాస్టారు మొదలుపెట్టారు.

"తత్వం తర్వాత చెబుదురుగానీ, ముందు మా డబ్బా చూపించండి!"

ఆయన చూపించలేకపోయారు. కళ్ళు మండుతుండగా డాబా ఎక్కి, నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి ఆలోచించసాగారు.

భార్యగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గదిలోకి వచ్చింది. కుట్టు మిషన్ గుమ్మంలోకి లాగించింది. తొక్కుడు మిషన్, కరెంటుతో పనిలేదు. పాత కర్టెన్ చింపి వరసగా సంచులు కుట్టింది. పసుపు రంగుది మొక్కజొన్నవాళ్ళకు, ఎర్రనిది మొత్తం మీసాల తాతగారికి, మిగిలినది తలా ఇంత. తగ్గినవాళ్ళకు తన ఇంటి పిండి కలిపింది.

"ఎవరిదేదో నీకెలా తెలుసే?" అంది పిన్నిగారు.

"తెలీదు పిన్నీ. ఎవరో ఒకరు చెప్పాలిగా!"

తగాదా అక్కడితో ఆగిపోయింది. కిందివాటా ఆవిడ తన సంచిని అటూ ఇటూ తిప్పి, "కుట్టు ఎంత బాగుందో! వదినా, నాకు ఇలాంటివే ఇంకో రెండు కుట్టిపెట్టవూ?" అంది. ఆమె వెనకే మరో ముగ్గురు అడిగారు.

చివరకు మాస్టారికి సత్యం సాక్షాత్కరించింది. ఒంటి నిండా పిండితో, జీవితంలో మొదటిసారి 'కానీ' లేకుండా, మెట్లు దిగివచ్చి ప్రకటించారు: "రాతిదే!"

వెనకగదిలో మరలు లేవు. బండి వచ్చి వెళ్ళిపోయింది. కిటికీ కింద కుట్టు మిషన్, దాని వెనక భార్యగారు, చుట్టూ బట్టలు పట్టుకుని ఆడవాళ్ళు.

"ఏంటండీ రాతిది?" అంది ఆవిడ దారం కొరుకుతూ. "ఇంట్లో పిండి నిండుకుంది. డబ్బాలో గోధుమలు పోసి పెట్టాను. అలా వెళ్ళి పట్టించుకురండి."

వీధి చివరి మర దగ్గర పెద్ద వరసే ఉంది. మాస్టారి వంతు వచ్చింది. మర అతను డబ్బా అందుకుని, "మెత్తగానా, బరకగానా?" అని అడిగాడు.

"మెత్తగానే," అన్నారు మాస్టారు, "కానీ..."

వెనకున్నవాళ్ళు తమ డబ్బాలు కింద దించి, వాటి మీద కూర్చున్నారు.